తాతయ్య పద్దుల పుస్తకంలో రెండు అడ్డగీతలు: రెండణాలా, ‘పైదే’ అనా?

మా తాతయ్య ఇంటి ఖర్చులు రాసుకున్న పుస్తకం దొరికింది. అట్ట మీద ౧౯౩౮ అని ఉంది. అంకెలన్నీ తెలుగువే.

బియ్యం పద్దు ఎదురుగా ౪, దాని పక్కన ఒక నిలువు గీత, ఒక అడ్డగీత ఉన్నాయి. నిలువు గీత పావు, అడ్డగీత వీసం, అంటే రూపాయిలో పదహారో వంతు, ఒక అణా. మొత్తం నాలుగు రూపాయల అయిదణాలు. అది తేలిన రోజు ఆయన గొంతు విన్నట్టే అనిపించింది.

ఆగిపోయింది తర్వాతి పేజీలో. ఉప్పు, చింతపండు, కిరసనాయిలు వరుసగా మూడు పద్దులు. మూడింటి ఎదుటా అంకె లేదు, ఒకదాని కింద ఒకటిగా రెండు అడ్డగీతలే, నువ్వుగింజంత. వాటి పై పద్దు బెల్లం, మూడణాలు అని అక్షరాల్లోనే ఉంది. మొత్తం కూడి చూద్దామంటే పేజీ అడుగు చిరిగిపోయింది. 600 డీపీఐలో స్కాన్ చేసి పెద్దది చేసి చూశాను. బొమ్మలోని రాతను చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఆ గీతల్ని అసలు పట్టుకోలేదు. రిటైరైన టీచర్లు ఇద్దరిని అడిగితే చెరో మాట చెప్పారు.

పాత పద్దులు చదివిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: ఇలా అంకె లేకుండా రెండు అడ్డగీతలే ఉంటే రెండణాలని చదవాలా, ‘పైదే’ అనుకుని మూడణాలని చదవాలా?