కాట్జియాస్ గ్రాముల లెక్కన ఇచ్చాడట, మా నాన్నగారికి మిల్లీగ్రాములేనా?

గోదారి_పిల్ల:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ళ కిందట పార్కిన్సన్స్ అని తేలింది. లెవోడోపా 100, కార్బిడోపా 25 ఉన్న బిళ్ళ రోజుకి మూడు వేసుకుంటున్నారు. వణుకు తగ్గింది, నడక కూడా కొంచెం నయం.

గొడవ ఇప్పుడు మొదలైంది. మా పిన్ని దూలగొండి గింజల పొడి డబ్బా ఒకటి పంపింది. మాత్రలో ఉన్న మందే ఈ గింజల్లోనూ ఉందట. అది చాలదన్నట్టు నాన్నగారు ఎక్కడో జార్జి కాట్జియాస్ అనే డాక్టరు గురించి చదివారు. "ఆయన ఈ మందే రోజుకి 16 గ్రాముల దాకా ఇచ్చి మనుషుల్ని లేపి నడిపించాడు. నాకిచ్చేది మొత్తం కలిపి 300 మిల్లీగ్రాములు. ఒక్క చెంచా పొడి వేసుకుంటే కొంప మునుగుతుందా?" అని వాదన. లెక్కల మాస్టారితో లెక్కల్లో నేను గెలవలేను. నిజంగానే అంతంత ఇచ్చారా? మరి ఇప్పుడెందుకు ఇవ్వరు? నాకు టెన్షన్‌గా ఉంది.

వంటింటి_కిటికీ:

మా మావయ్య మాత్రలతో పాటు ఈ పొడి కూడా ఎవరికీ చెప్పకుండా వేసుకున్నాడు. మూడో రోజు రాత్రి గోడ నిండా చీమలు పాకుతున్నాయని తువ్వాలు పెట్టి దులపడం మొదలుపెట్టాడు. గోడ మీద ఏమీ లేవు. డాక్టరు పొడి ఆపించాక తగ్గింది. ముందు డాక్టర్ని అడగండి.

రిటైర్డ్_కెమిస్ట్రీ:

నాన్నగారు చదివింది నిజమేనమ్మా. కాకపోతే ఆ 16 గ్రాముల దగ్గరే ఆగిపోయారు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఏడేళ్ళుగా నాకూ ఇదే జబ్బు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని టైపు చేస్తున్నాను, అచ్చుతప్పులుంటే మన్నించాలి.

కాట్జియాస్ గ్రీసు దేశస్థుడు, 1918లో క్రీట్ ద్వీపంలో పుట్టాడు. యుద్ధకాలంలో కుటుంబంతో అమెరికా చేరి హార్వర్డ్‌లో వైద్యం పూర్తి చేశాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో చేరాక చాలాకాలం ఆయన లోకమంతా మాంగనీసే. చిలీలో మాంగనీసు గనుల దుమ్ము పీల్చిన కూలీలకి ఒళ్ళు బిగుసుకుపోయి, నడక తడబడి, అచ్చం పార్కిన్సన్స్ లాంటిది వచ్చేది. గని మానేసిన కొన్నాళ్ళకి వాళ్ళ ఒంట్లోంచి ఆ లోహం పోయినా జబ్బు మాత్రం పోలేదని ఆయన చూశాడు. అలా పార్కిన్సన్స్ వైపు తిరిగాడు.

నాకు బాగా నచ్చే ఘట్టం ఇక్కడుంది. మన మెదడు అడుగున నల్లటి పదార్థం ఉన్న చోటు ఒకటుంది. ఈ జబ్బులో ఆ నలుపు వెలిసిపోతుంది. ఆ నలుపు మెలనిన్ జాతిది కాబట్టి, మెలనిన్ తిరిగి నింపితే సరిపోతుందని కాట్జియాస్ ఊహ. మెలనిన్‌ని పెంచే హార్మోన్ ఇచ్చి చూశాడు. రోగుల చర్మం నల్లబడింది, వణుకు ఇంకా ఎక్కువైంది! అప్పుడు డోపా పట్టుకున్నాడు, నాన్నగారి మాత్రలోని లెవోడోపా దీని రూపమే. శరీరం మెలనిన్ చేసేదీ డోపా నుంచే, మెదడులో కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనం చేసేదీ డోపా నుంచే. అసలు లోటు డోపమైన్‌ది అని వియన్నాలో హార్నికీవిచ్ అనే శాస్త్రవేత్త చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరీక్షించి 1960లోనే చెప్పాడు. తప్పు చిరునామా పట్టుకుని బయల్దేరి సరైన గుమ్మం తట్టినట్టయింది కాట్జియాస్ పని. మా ల్యాబ్‌లో పిల్లలెవరైనా ఇలా జవాబు రాబడితే మార్కులు కోసేవాణ్ణి.

వియన్నావాళ్ళు 1961లో డోపాని నరానికి ఎక్కిస్తే రోగులు లేచి నడిచారు, కొన్ని గంటలే. తర్వాత చాలామంది ప్రయత్నించి, వాంతులకి భయపడి, చిన్న డోసుల దగ్గరే ఆగిపోయారు. ఈ వాంతుల సంగతి అంతకుముందే తెలుసు. 1913లో గుగ్గెన్‌హైమ్ అనే కెమిస్టు చిక్కుడు జాతి గింజల నుంచి డోపా తీసి, రెండున్నర గ్రాములు ఒకేసారి మింగి, కక్కుకున్నాడు. కాట్జియాస్ నోటి ద్వారానే ఇచ్చాడు గానీ తక్కువతో మొదలుపెట్టి, రోగుల్ని దగ్గరే పెట్టుకుని, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాడు. 1967లో 16 మంది ఫలితాలు అచ్చువేశాడు. వాళ్ళలో ఎనిమిది మందికి బాగా గుణమిచ్చింది. నలుగురికి తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఈ రెండో వాక్యం నాన్నగారికి కొంచెం గట్టిగా చదివి వినిపించండి.

ఇక లెక్క. ఆయన అప్పుడు వాడింది డీఎల్ డోపా. అంటే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాంటి రెండు రూపాల మిశ్రమం, అందులో మెదడుకి పనికొచ్చేది, అంటే లెవోడోపా, సగమే. కాబట్టి 16 గ్రాములు ఎనిమిదయ్యాయి. ఆ ఎనిమిదిలోనూ ఎక్కువ భాగం మెదడుకి చేరకముందే దారిలో డోపమైన్‌గా మారిపోతుంది. వాంతులు పెట్టేది అదే. నాన్నగారి బిళ్ళలో ఉన్న కార్బిడోపా ఈ దారి దోపిడీని ఆపుతుంది. అది తోడుంటే లెవోడోపా సుమారు నాలుగో వంతు చాలు. అంటే పాత పదహారు ఇప్పటి లెక్కలో రెండు. అదీ నెలల తరబడి పెంచుకుంటూ వెళ్తే చేరిన పై అంచు, రేపు పొద్దున మొదలుపెట్టే డోసు కాదు.

చెంచా సంగతి చూద్దాం. దూలగొండి గింజల్లో లెవోడోపా నూటికి నాలుగైదు పాళ్ళు ఉందనుకోండి. రకాన్ని బట్టి, వేయించిన తీరుని బట్టి మారుతుంది కూడా. అయిదు గ్రాముల చెంచాకి 200 నుంచి 250 మిల్లీగ్రాములు. నాన్నగారి రోజు మొత్తం డోసు 300. పైగా మాత్రలోని కార్బిడోపా అప్పటికే ఒంట్లో ఉంటుంది కాబట్టి ఆ పొడి కూడా మాత్రంత బలంగా పనిచేస్తుంది. ఒక్క చెంచాతో డోసు దాదాపు రెట్టింపు! కిటికీగారి మావయ్య గోడ మీది చీమలు అలా వచ్చి ఉంటాయి.

ఇంకొకటి, అడగకపోయినా చెప్తాను. మాత్ర వేసుకునే వేళకి పెసరట్టు తింటారా? అందులోని మాంసకృత్తులూ లెవోడోపా ఒకే ద్వారంలో తోసుకుంటాయి. దీని మీద కూడా కాట్జియాస్, మేనా అనే సహచరుడితో కలిసి 1975లో రాశాడు. నేను ఈ సంగతి తెలుసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. పెసరట్టు తిన్న రోజు పదకొండింటి దాకా చొక్కా బొత్తాలు పట్టు దొరికేవి కావు. ఇప్పుడు మాత్ర ముందు, ముప్పావుగంట ఆగి టిఫిను.

పచ్చాకు:

మాస్టారూ, మన మూలికలంటే అంత చులకనా? లండన్‌లో 2004లో పరీక్షించి మాత్ర కంటే త్వరగా పనిచేసిందన్నారు కదా!

రిటైర్డ్_కెమిస్ట్రీ:

చులకన ఎందుకండీ, నాకు గర్వమే. ఆ గింజల నుంచి లెవోడోపాని వేరుచేసి 1937లో ప్రకటించింది మద్రాసు విశ్వవిద్యాలయం దామోదరన్, రామస్వామి. చిన్నప్పుడు దాని నూగు ఒంటికి తగిలి గోక్కోని పల్లెటూరి పిల్లాడున్నాడా? మీరన్న లండన్ పరీక్షా నిజమే. ఎనిమిది మంది, తూచిన డోసు, పక్కనే డాక్టర్లు. 2018లో వచ్చిన ఇంకో పరీక్షలో రోజూ వాడించి చూశారు, 14 మందిలో ఏడుగురు మధ్యలోనే ఆపేశారు, కొందరు కడుపు తిప్పి, కొందరు నడక దిగజారి. మాత్ర కొనే స్తోమత లేనిచోట దీన్ని పరీక్షించడం మంచి పనే. మాత్ర మీద మాత్రగా, చెంచా లెక్కన వేసుకోవడం దగ్గరే నా పేచీ. అలాగని పొడి నమ్ముకుని మాత్ర టక్కున మానేయడం ఇంకా ప్రమాదం.

గోదారి_పిల్ల:

మాస్టారూ, మీ జవాబు ప్రింటు తీసి ఇచ్చాను. నాన్నగారు క్యాలెండర్ కాగితం వెనక లెక్క మళ్ళీ చేసుకున్నారు. మొదటి అంకె పెద్దగానే పడింది, చివరికొచ్చేసరికి ఆవగింజంత అయింది, ఆ అక్షరాలు చూస్తే నాకే ఏదోలా అయింది. మీ ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే రెండు వచ్చిందని ఒప్పుకున్నారు. తర్వాత భూతద్దం తెచ్చి డబ్బా రెండు వైపులా చూశారు. చెంచాకి లెవోడోపా ఎంతుందో ఎక్కడా రాయలేదు. "కొలత లేని లెక్క నేను చెయ్యను" అని మూత బిగించేశారు. సోమవారం డాక్టరు దగ్గరికి డబ్బా కూడా పట్టుకెళ్తున్నాం. పెసరట్టు సంగతి మటుకు ఇంకా తేలలేదు, అమ్మ రేపటికి పిండి రుబ్బేసింది.