దీపావళి కార్యక్రమం, ఈస్ట్ హామ్: పిల్లల విభాగం పనులు

పిల్లల విభాగం: అందరికీ నమస్కారం. ఆదివారం కాల్‌లో సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను. దీపావళి రోజు ఈ చుట్టుపక్కల పేద పిల్లలు 50 మందిని స్టేజీ మీదికి పిలిచి స్కూల్ బ్యాగులు ఇద్దామని అనుకున్నాం. ఇవ్వాలనుకోవడం మంచిదే, స్టేజీ మీద ఇవ్వడం మాత్రం వద్దు. ఆ డబ్బుతో అక్టోబర్ హాఫ్ టర్మ్‌లో (టర్మ్ మధ్యలో స్కూళ్ళకి వచ్చే వారం సెలవులో) మంగళవారం, గురువారం మధ్యాహ్నం భోజనం పెడదాం. శనివారం కార్యక్రమానికి పిల్లలెవరి దగ్గరా టికెట్ తీసుకోవద్దు.

హాఫ్ టర్మే ఎందుకంటే, 2023 సెప్టెంబర్ నుంచి లండన్‌లో ప్రభుత్వ ప్రైమరీ స్కూల్ పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం. మన ఈస్ట్ హామ్ ఉన్న న్యూహామ్ బరోలో (బరో అంటే లండన్‌లో ఒక కౌన్సిల్ ప్రాంతం) అంతకుముందు నుంచే ఉంది. స్కూల్ మూస్తే ఆ భోజనం ఆగిపోతుంది. వేసవి, క్రిస్మస్, ఈస్టర్ సెలవుల్లో పేద పిల్లలకి ఆటలు, భోజనం పెట్టే ప్రభుత్వ పథకం ఒకటి 2021 నుంచి ఇంగ్లండ్ అంతటా నడుస్తోంది. అక్టోబర్ వారం దానిలోకి రాదు. ఆ వారంలో ఇంట్లో వండుకోగలిగితేనే పిల్లాడికి మధ్యాహ్నం అన్నం.

అందరికీ వండుకునే వీలుందా అంటే లేదు. ఇల్లు లేక కౌన్సిల్ ఇచ్చిన తాత్కాలిక వసతిలో ఉన్న కుటుంబాలు బాగా ఎక్కువున్న బరోల్లో న్యూహామ్ ఒకటి. హోటల్ గదిలో పెడితే కుటుంబాన్ని 6 వారాలకి మించి ఉంచకూడదని చట్టం ఉంది, అయినా అంతకంటే ఎక్కువ కాలం ఉండేవాళ్ళున్నారు. అలాంటి గదిలో వంటిల్లు ఉండదు. కెటిల్, మహా అయితే మైక్రోవేవ్. మంచం మీదే తినాలి, మంచం మీదే హోంవర్క్ రాసుకోవాలి. అందుకే భోజనం బల్లలు తీసేశాక నాలుగు బల్లలు అలాగే ఉంచమంటున్నాను. రెండు గంటలపాటు కూర్చుని రాసుకోవడానికి చోటు, లైటు, ఛార్జింగ్ పాయింట్లు ఉంటే చాలు. మనలో లెక్కలు చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకే తెలుసు.

హాలు: అక్కా, శనివారానికి నేను చూసిన హాలు ఊరి చివర, కార్ పార్కింగ్ బాగుంది. స్లౌ, హారో నుంచి వచ్చేవాళ్ళకి అదే సుఖం. ఈస్ట్ హామ్‌లో పార్కింగ్ టెన్షన్ తప్పదు.

పిల్లల విభాగం: తమ్ముడూ, ఆ ఇబ్బంది నాకూ తెలుసు. కానీ మనం పిలుస్తున్న పిల్లల ఇళ్ళలో కార్లు లేవు. లండన్‌లో 11 ఏళ్ళలోపు పిల్లలకి బస్సు ఉచితం, 15 ఏళ్ళ వరకు జిప్ కార్డు (పిల్లల ప్రయాణానికి ఇచ్చే ఫొటో కార్డు) ఉంటే ఉచితం. హై స్ట్రీట్ నార్త్ దగ్గర స్కూల్ హాలు దొరికితే వాళ్ళు నడిచో బస్సులోనో వచ్చేస్తారు. ఊరి చివర పెడితే పార్కింగ్ నిండుతుంది, ఈ పిల్లలు రారు.

వంట: మెనూ పులిహోర, పప్పు, అన్నం, బంగాళాదుంప వేపుడు, పెరుగు. శాకాహారమైతే బంగ్లాదేశ్, సొమాలియా కుటుంబాల పిల్లలకి హలాల్ సందేహం ఉండదు. జెల్లీ మిఠాయిలు మాత్రం కొనొద్దు, జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. ఇంకో ముఖ్యమైన విషయం. ఇక్కడ తప్పకుండా చెప్పాల్సిన 14 అలెర్జీ పదార్థాల్లో వేరుశనగతో పాటు నువ్వులు, ఆవాలు కూడా ఉన్నాయి. తాలింపు లేకుండా మన వంట లేదు కాబట్టి ఒక్కో గిన్నె ముందు ఏమేం వేశామో పెద్దక్షరాలతో రాసి పెడతాం. పులిహోరలో పల్లీలు మానేస్తున్నాను.

ట్రెజరర్: ఒక చిన్న చిక్కు. బ్యాగులకి డబ్బిస్తానన్న దాత పిల్లలతో ఫొటో కావాలంటున్నారు. తప్పుగా అడగడం లేదు, తన ఆఫీసులో చూపించుకోవాలట. 400 పౌండ్లు వదులుకోవడం మనకి కష్టం.

పిల్లల విభాగం: నేను విజయవాడలో కొండ మీది ఇళ్ళలో పెరిగాను. బిందెలు మోసుకుని మెట్లెక్కడం మాకు బడికి ముందు చేసే పని. ఐదో తరగతిలో ఒక సంఘం వాళ్ళు మా బడికొచ్చి నోటు పుస్తకాలిచ్చారు. నాకిచ్చేటప్పుడు కెమెరాలో రీలు అయిపోయింది. కొత్త రీలు వేసేదాకా ఆ పుస్తకాల కట్ట ఒక చివర ఆయన, ఒక చివర నేను పట్టుకుని నిలబడ్డాం. ఎదురుగా మా క్లాసు మొత్తం కూర్చుని ఉంది. ఆ పుస్తకాల్లోనే చదువుకున్నాను, ఆ మేలు మరిచిపోలేదు. ఆ నిలబడటమూ మరిచిపోలేదు. దాత గారికి వంటగది ఫొటోలు, బల్లల ఫొటోలు, వాలంటీర్ల ఫొటోలు ఎన్నైనా ఇద్దాం. నేనే ఫోన్ చేసి మాట్లాడతాను. పిల్లల మొహాలు మాత్రం వద్దు. తలుపు దగ్గర ఎవరినీ మీరు పేదవాళ్ళా అని అడగొద్దు, వేరే వరస పెట్టొద్దు. మన పిల్లలూ అదే వరసలో నిలబడి అదే అన్నం తింటారు.

ఇంకోటి, ఇది బయటివాళ్ళ సంగతే అనుకోకండి. 2023-24 లెక్కల ప్రకారం ఇంటి అద్దె ఖర్చులు పోగా చూస్తే ఈ దేశంలో 45 లక్షల మంది పిల్లలు పేదరికంలో ఉన్నారు, వాళ్ళలో పదింట ఏడుగురి ఇళ్ళలో ఎవరో ఒకరు ఉద్యోగం చేస్తూనే ఉన్నారు. 2024 మార్చికి ముందు కేర్ వర్కర్ వీసా మీద కుటుంబంతో వచ్చిన మనవాళ్ళు ఒక్క గదికి అద్దె కట్టి, వీసా షరతు వల్ల చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు) కూడా రాక నెట్టుకొస్తున్నారు. సెకండరీలో పిల్లలున్న అలాంటివాళ్ళకి ఒక మాట చెప్పండి: ప్రభుత్వ సాయం అందని వీసా ఉన్నా, ఆదాయం పరిమితిలోపు ఉంటే పిల్లలకి స్కూల్లో ఉచిత భోజనం అడగొచ్చు. స్కూల్ ఆఫీసులో ఫారం ఇస్తారు. చాలామంది భయపడి అడగడం లేదు.

హాలు: సరే అక్కా, ఈస్ట్ హామ్ స్కూల్ హాలుకే రేపు ఫోన్ చేస్తాను. మంగళ, గురువారాలు పదింటి నుంచి మూడింటి వరకు, శనివారం రోజంతా. స్లౌ వాళ్ళని రైల్లో రమ్మని నేనే ఒప్పిస్తాను.

ట్రెజరర్: దాత ఒప్పుకోకపోతే స్టేజీ అలంకరణలో 250 తగ్గిద్దాం. మిగతా 150 నేను సర్దుతాను.

పిల్లల విభాగం: ధన్యవాదాలండీ. పిల్లల దగ్గర ఉండేవాళ్ళు డీబీఎస్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ళకి చేసే నేర చరిత్ర తనిఖీ) వివరాలు ఈ శుక్రవారం లోపు నాకు పంపండి. వాలంటీర్లకి దానికి ప్రభుత్వ ఫీజు లేదు. వడ్డనకి ఇంకా ఆరుగురు కావాలి.

కొత్త సభ్యురాలు: నమస్కారం అక్కా, నేను ఈ మధ్యే గ్రూపులో చేరాను. టికెట్లకి గానీ చందాకి గానీ ఇప్పుడు ఇవ్వలేను. రెండు రోజులూ పొద్దున ఎనిమిదింటికే వచ్చి కూరగాయలు తరుగుతాను, నైట్ షిఫ్ట్ ఏడింటికి అయిపోతుంది. మా బాబుకి ఏడేళ్ళు. వెంట తీసుకురావచ్చా?

పిల్లల విభాగం: తీసుకురామ్మా. నువ్వు పదింటికి రా, షిఫ్ట్ చేసి వచ్చి కత్తి పట్టుకోవద్దు. బాబుకి పల్లీలు, నువ్వులు పడతాయా?