కాటా చీటీలన్నీ ఒకే ఇన్సర్ట్‌లో పంపాలా, లూపులో ఒక్కొక్కటిగానా?

ముత్తుకూరు కాటా:
మా రొయ్యల కొనుగోలు కేంద్రానికి పీహెచ్‌పీలో నేనే ఒక పేజీ రాశాను. చీటీకి అయిదు గడులు: చీటీ నంబరు, రైతు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), కిలోలు, ధర. పట్టుబడి ముగిశాక అన్నీ నింపి ఒకేసారి బటన్ నొక్కుతాం. లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడు) తిరిగి ఒక్కో వరుసను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు పంపుతుంది. మొన్న 140 చీటీలలో 87వ దానిలో కిలోలు ఖాళీగా ఉండి స్క్రిప్టు ఆగిపోయింది. దిద్ది మళ్లీ నొక్కితే మొదటి 86 రెండోసారి కూడా చేరాయి. రైతుల ఖాతాల్లో రెట్టింపు సొమ్ము కనిపించింది. రాత్రంతా కూర్చుని సరిచేశాను.

ఒంగోలు డేటా:
లూపు తీసేయండి. వరుసలన్నిటినీ ఒకే ఇన్సర్ట్‌లో, అంటే టేబుల్‌లో చేర్చమని చెప్పే ఒకే వాక్యంలో, పెట్టండి. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో ఒక టేబుల్ రకం) టేబుల్‌లో ఒక వరుస తప్పినా ఆ వాక్యమంతా రద్దవుతుంది. వేగం కూడా ఎక్కువ.

కావలి కోడ్:
ఒంగోలు అన్నా, ఇక్కడ మీతో ఏకీభవించలేను. ఒకే ఇన్సర్ట్ అనగానే చాలామంది విలువలను అతికించి పొడవాటి వాక్యం తయారుచేస్తారు. ఎవరైనా గడిలో ఒక కొటేషన్ గుర్తు పెడితే చాలు, ఆ వాక్యం విరిగిపోతుంది; దురుద్దేశం ఉన్నవాడికి అదే తలుపు. నెమ్మదికి అసలు కారణం లూపు కాదు, ప్రతి వరుసకూ విడిగా జరిగే కమిట్ (మార్పును ఖాయం చేయడం). లావాదేవీ (అంతా కలిపి చేరే లేదా రద్దయ్యే పనుల కట్ట) మొదలుపెట్టి, ప్రిపేర్ (విలువలు లేకుండా వాక్యాన్ని ముందే సిద్ధం చేయడం) ఒక్కసారి చేసి, లూపులో ఒక్కో వరుస విలువలతో ఎగ్జిక్యూట్ చేసి, చివర ఒకే కమిట్ ఇవ్వండి. తప్పు వస్తే రోల్‌బ్యాక్, అంటే చేసినదంతా వెనక్కి తీసుకోవడం. ముందుగా టేబుల్ రకం చూసుకోండి: మైఐఎస్ఏఎమ్ అయితే రోల్‌బ్యాక్ పనిచేయదు. మైఎస్‌క్యూఎల్ 5.5కు ముందు కట్టిన టేబుళ్లు చాలావరకు ఆ రకమే.

ఇందుకూరుపేట:
మీరిద్దరూ అన్నీ చేరాలి లేదా ఏదీ చేరకూడదు అంటున్నారు. నాన్నగారికి చెరువు ఉంది, అందుకే అడుగుతున్నాను. ఎవరిదో ఒక చీటీ తప్పితే మిగతా 139 మంది లెక్క ఎందుకు ఆగాలి? మేత బాకీ తెల్లవారి వరకు ఆగదు.

కావలి కోడ్:
మీ మాట న్యాయమే. అయితే ఆ పని డేటాబేస్‌కు వదలకూడదు. పంపేముందే స్క్రిప్టులో ప్రతి వరుసనూ తనిఖీ చేసి, తప్పు చీటీలను పెండింగ్ టేబుల్‌కు మళ్లించండి. రెండు టేబుళ్లూ ఒకే లావాదేవీలో ఉండాలి. తేదీ, చీటీ నంబరు కలిపి యూనిక్ కీ (అదే విలువను రెండోసారి చేరనివ్వని నియమం) పెడితే రెండోసారి నొక్కినా నకలు చేరదు. ఇన్సర్ట్ ఇగ్నోర్ మాత్రం వాడకండి. అది తప్పును హెచ్చరికగా మార్చి ముందుకు పోతుంది. డబ్బు లెక్కలో అంతకంటే ప్రమాదం లేదు.

ముత్తుకూరు కాటా:
అలాగే మార్చాను. నకళ్లు పోయాయి. కానీ నిన్న 220 చీటీలు నింపితే 200 మాత్రమే చేరాయి. తప్పు అని ఎక్కడా చూపలేదు.

ఒంగోలు డేటా:
పీహెచ్‌పీలో మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్ (ఒకసారి పంపితే స్వీకరించే గడుల సంఖ్య) పరిమితి మామూలుగా 1000. మీ 220 చీటీలకు అయిదేసి గడులు, మొత్తం 1100. చివరి 20 చీటీలు డేటాబేస్ దాకా రాలేదు. ఏ లావాదేవీ వాటిని కాపాడలేదు. పరిమితి పెంచండి, లేదా వరుసలన్నిటినీ జేసన్‌గా (డేటాను ఒకే అక్షరాల వరుసగా రాసే పద్ధతి) మార్చి ఒకే గడిలో పంపండి. ఫారం మొదట్లోనే చీటీల సంఖ్య పంపి, వచ్చిన వరుసలతో సరిపోతేనే కమిట్ చేయండి. ఒకే ఇన్సర్ట్ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను, కావలి తమ్ముడూ. విలువల చోట ప్రశ్నార్థకాలు పెట్టి ప్రిపేర్ చేస్తే అతికించే పనే ఉండదు.

కావలి కోడ్:
ఒప్పుకుంటాను, ఆ పద్ధతిలో భద్రమే. అయినా 87వ చీటీ ఎవరిదో వెంటనే తెలియాలంటే నేను లూపునే ఎంచుకుంటాను.