లింఫ్ డ్రైనేజ్ మసాజ్: వైద్యమా, స్పా వాళ్ళ బేరమా?

బెజవాడ_బుజ్జి:
ఇంట్లో మూడు రోజులుగా ఇదే గొడవ, మీరే తేల్చండి. అమ్మకి రెండేళ్ళ క్రితం రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. చంకలో గ్రంథులు కూడా తీశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఆరు నెలల నుంచి కుడి చేయి వాస్తోంది. పాత గాజులు ఎక్కడం లేదు, వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఫిజియోథెరపిస్ట్ చూసి లింఫ్ డ్రైనేజ్ మసాజ్ చేయాలి, పైన కట్టు కట్టాలి అన్నారు. సరిగ్గా అదే వారం మా చెల్లి ఇన్‌స్టాలో చూసి, స్పాలో అదే పేరుతో మూడున్నర వేలు పోసి మసాజ్ చేయించుకుని వచ్చింది. "టాక్సిన్లన్నీ పోయాయి, ఒక్క రోజులో కిలో తగ్గాను" అంటోంది. మా నాన్న రెండూ ఒకటే, రెండూ దండగే అని తేల్చేశారు. అమ్మకి చెప్పిందీ చెల్లి చేయించుకున్నదీ ఒకటేనా? అసలు దీనివల్ల లాభం ఉందా?

సందేహాల_సుబ్బయ్య:
మీ నాన్నగారికే నా ఓటు. ఆ టాక్సిన్ పేరేమిటో, మసాజ్‌కి ముందు రక్తంలో ఎంత ఉందో, తర్వాత ఎంత ఉందో ఏ స్పావాళ్ళూ ఇంతవరకు నాకు చెప్పలేదు. ఒంట్లో చెత్త ఎత్తిపోయడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి, అవి జీతం అడక్కుండా పనిచేస్తున్నాయి. మీ చెల్లెలు తగ్గిన కిలో నీళ్ళే. రాత్రి భోజనం చేసి నాలుగు గ్లాసులు తాగాక మళ్ళీ తూకం చూసుకోమనండి. ఒళ్ళు పట్టించుకుంటే హాయిగా ఉంటుంది, కాదనను. మా అమ్మమ్మ పండగపూట నువ్వుల నూనె రాసి, నలుగు పెట్టి తలంటేది. దానికి ఎవరూ డిటాక్స్ అని పేరు పెట్టలేదు, మూడున్నర వేలూ అడగలేదు.

నెల్లూరు_ఫిజియో:
సుబ్బయ్య గారు చెల్లి విషయంలో చెప్పింది నిజమే. కానీ ఆ దెబ్బ అమ్మగారికి కూడా తగులుతోంది. నేను పదకొండేళ్ళుగా ఇలాంటి వాపు చేతులే చూస్తున్నాను, కాస్త వివరంగా చెప్తాను.

రక్తనాళాల నుంచి ఊరిన నీటిలో తిరిగి రక్తంలోకి చేరకుండా కొంత మిగిలిపోతుంది. ప్రొటీన్లతో కలిసిన ఆ నీరే శోషరసం, లింఫ్ అంటున్నది దాన్నే. రోజుకు సుమారు రెండు మూడు లీటర్లు ఉంటుంది. సన్నటి నాళాల గుండా పోయి, దారిలో గ్రంథుల్లో వడపోతయి, చివరికి మెడ కింద పెద్ద సిరల్లో కలుస్తుంది. కుడి చేయి, తలలో కుడి సగం, ఛాతీలో కుడి భాగం నుంచి వచ్చేది కుడివైపు కలిస్తే, మిగతా ఒళ్ళంతటిదీ ఎడమవైపు కలుస్తుంది. దీనికి గుండెలాంటి పంపు లేదు. నాళాలు తమంతట తాము కొద్దికొద్దిగా ముడుచుకుంటాయి, కండరాలు కదిలినప్పుడు, ఊపిరి తీసినప్పుడు ముందుకు తోసుకుపోతుంది. వెనక్కి రాకుండా లోపల చిన్న కవాటాలు ఉంటాయి.

చంకలో గ్రంథులు తీసేశారంటే పంటకాలువకి తూము మూసేసినట్టు. పైనుంచి నీళ్ళు వస్తూనే ఉంటాయి, పోవడానికి దారి ఉండదు. ప్రొటీన్ ఉన్న నీరు నిలవుంటే నెమ్మదిగా చర్మం కింద నార కట్టి గట్టిపడుతుంది, అందుకే తొందరగా మొదలుపెట్టమంటాం. మేం చేసే మసాజ్ ఆ నీటిని పక్కదారి పట్టించడానికి. ముందు మెడ దగ్గర, తర్వాత ఎడమ చంక వైపు, కుడి గజ్జ వైపు దారి తెరిచి, ఆ తర్వాతే చేతి మీదికి వస్తాం. ఒత్తిడి చాలా తక్కువ, చర్మాన్ని సాగదీసి వదలడమే. నూనె అక్కర్లేదు. చూసేవాళ్ళకి "ఇంతేనా, నిమిరినట్టుంది" అనిపిస్తుంది. స్పాలో పిసికి పిసికి పెట్టారంటే అది ఇది కాదు.

సందేహాల_సుబ్బయ్య:
కాలువ పోలిక బాగుంది. ఋజువు ఏదీ?

నెల్లూరు_ఫిజియో:
2015లో, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ వాళ్ళు రొమ్ము క్యాన్సర్ తర్వాత వచ్చే చేతివాపు మీద ఆరు పరిశోధనలు, 208 మందిని కలిపి చూశారు. ఒత్తిడి కట్టు కట్టించినవాళ్ళకి వాపు సుమారు 30 నుంచి 37 శాతం తగ్గింది. దానికి మసాజ్ కూడా కలిపితే ఇంకో 7 శాతం దాకా. అది కూడా వాపు మరీ ముదరకుండా ఉన్నవాళ్ళకే ఎక్కువ. మసాజ్ వల్ల హాని కనిపించలేదు.

సందేహాల_సుబ్బయ్య:
అదే కదా నేను చెప్పేది! ముప్పై చిల్లర కట్టుదైతే, ఏడు మసాజ్‌ది. పేరు మాత్రం అంతా మసాజ్‌కే. "కట్టు వైద్యం" అంటే ఎవరూ స్పా పెట్టరు కాబట్టి.

నెల్లూరు_ఫిజియో:
ఆ మాట మీద మీతో పోట్లాడను. రోగులకి నేను చెప్పేదీ అదే: మసాజ్ మానినా సరే, కట్టు మానొద్దు. పద్ధతి మొత్తంగా నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది, చర్మం శుభ్రం, మసాజ్, కట్టు, కట్టుతో చేసే వ్యాయామం. వాపు దిగాక కొలతలిచ్చి కుట్టించిన స్లీవ్, అంటే చేతికి వేసుకునే బిగుతు తొడుగు. ఆ ఏడు కూడా తీసిపారేసేదేం కాదండీ, బరువెక్కి లాగేస్తున్న చేతికి కాస్త తేలికైనా తేడా తెలుస్తుంది.

కాఫీ_కబుర్లు:
అందరూ కలిసి స్పా మీద పడ్డారు, నేను ఆ పక్క నుంచి మాట్లాడతాను. నేను నెలకోసారి చేయించుకుంటాను. నెలసరి ముందు ముఖం, కాళ్ళు ఉబ్బుతాయి, చేయించుకున్న రోజు తగ్గుతాయి. ఉంగరం వదులవుతుంది, బాగా నిద్ర పడుతుంది. అంతా మనసు మాయేనా?

నెల్లూరు_ఫిజియో:
మాయ కాదు. ముఖం మీద నిలిచిన నీరు కాసేపు కదులుతుంది, రాత్రికో రేపటికో మళ్ళీ వస్తుంది. గంటసేపు కదలకుండా పడుకుని మెల్లగా ఊపిరి తీస్తే టెన్షన్ తగ్గుతుంది, నిద్రా పడుతుంది. హాయి కోసం డబ్బు పెట్టడం తప్పేం కాదు. నా అభ్యంతరమల్లా "కొవ్వు కరుగుతుంది, రోగనిరోధకశక్తి పెరుగుతుంది, థైరాయిడ్ సర్దుకుంటుంది" అని బోర్డు కట్టడం మీద. మీ శోషరస నాళాలు బాగానే ఉన్నాయి, పొద్దున్నే అరగంట నడిస్తే పిక్కలు అదే పని ఉచితంగా చేస్తాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఎప్పుడూ లేనిది ఒక్క కాలే వాచి నొప్పిగా ఉంటే స్పాకి పోవద్దు. కాలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, దాన్ని రుద్దకూడదు. గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల ఉబ్బినవాళ్ళు కూడా ముందు డాక్టర్‌నే అడగాలి.

మ్యూనిక్_మావయ్య:
నేనుండేది జర్మనీలో. ఇక్కడ దీన్ని ఎవరూ స్పా అనుకోరు, డాక్టరు చీటీ రాస్తాడు, 30 నిమిషాలా, 45 నిమిషాలా, గంటా అని. ఆరోగ్య బీమా భరిస్తుంది. ఫిజియో అయినా దీనికి విడిగా శిక్షణ తీసుకుంటేనే చేయాలి. మా ఆవిడకి కాలి ఆపరేషన్ తర్వాత రాశారు. దీని కథ కూడా తమాషాగా ఉంటుంది. డెన్మార్క్‌కి చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ ఫ్రాన్స్‌లోని కాన్‌లో మసాజ్ చేసేవాళ్ళు. జలుబు వదలని రోగుల మెడ గ్రంథులు ఉబ్బి ఉండటం చూసి, అప్పట్లో గ్రంథుల్ని ముట్టుకోవద్దని వైద్యులు అంటున్నా ఈ పద్ధతి కనిపెట్టి 1936లో పారిస్‌లో చూపించారు. అంటే మొదలైంది క్యాన్సర్ వార్డులో కాదు, జలుబు దగ్గర! నిజానికి వాపుకి ఎత్తిపెట్టడం, కట్టడం, రుద్దడం కలిపి వాడాలని ఆస్ట్రియా సర్జన్ వినివార్టర్ 1892లోనే రాశాడు. వీటన్నిటినీ కలిపి నేటి వైద్యంగా మార్చింది మిఖాయెల్ ఫెల్డి అనే డాక్టరు, ఆయన పేరిట ఇక్కడ జర్మనీలోనే బ్లాక్ ఫారెస్ట్‌లో హింటర్‌జార్టెన్ ఊళ్ళో ఆసుపత్రి కూడా ఉంది.

సందేహాల_సుబ్బయ్య:
జర్మనీ వాళ్ళు హోమియోపతీ వాడతారు, మావయ్యా. వాళ్ళ బీమా భరించినంత మాత్రాన ఋజువు అవదు.

మ్యూనిక్_మావయ్య:
అది మాత్రం కొట్టావు అల్లుడూ.

గోదారి_గట్టు:
మీరంతా క్యాన్సర్ అంటున్నారు, మా వైపు శోషరసం చెడితే ముందు గుర్తొచ్చేది బోదకాలు. మా నాయనమ్మకి ఎడమ కాలు ఏనుగు కాలంత అయింది. మురుగునీళ్ళ దోమ కుట్టి, పురుగులు శోషరస నాళాల్లో చేరి పాడు చేస్తాయి. ఊళ్ళో మాత్రలు మింగించేవాళ్ళు, అవి రక్తంలో పురుగు పిల్లల్ని చంపి రోగం పాకకుండా ఆపుతాయి. అప్పటికే ముదిరిన కాలు మాత్రం మాత్రలతో తిరిగి సన్నబడదు. ఏడాదికి నాలుగైదుసార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి చలీజ్వరం వచ్చేది, ప్రతిసారీ కాలు ఇంకొంచెం లావెక్కేది. జ్వరం దోమ వల్ల అనుకున్నాం. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ వచ్చి చూపించింది: వేళ్ళ మధ్య ఒరుసుకుపోయి చీలిన చోట నుంచి బ్యాక్టీరియా వెళ్తోంది. రెండుపూటలా సబ్బుతో కడగడం, వేళ్ళ సందుల్లో పొడిగుడ్డతో ఒత్తడం, మందు రాయడం, కూర్చున్నప్పుడు కాలు పీట మీద పెట్టడం, మడమ పైకీ కిందికీ ఆడించడం, చెప్పులు వేసుకోవడం. ఇంతే. మసాజ్ మాటే లేదు. తర్వాత నాలుగేళ్ళలో జ్వరం రెండేసార్లు వచ్చింది. వాపు పూర్తిగా పోలేదు, కానీ మళ్ళీ గుడికి నడిచి వెళ్ళింది. అందుకే నాకు లింఫ్ మసాజ్ రీళ్ళు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఈ జబ్బున్నవాళ్ళకి సబ్బు, నీళ్ళు, చెప్పులు దొరకడమే గొప్ప.

నెల్లూరు_ఫిజియో:
చాలా మంచి మాట. చర్మం సంరక్షణే మొదటి కాలు అని నేనన్నది అందుకే. కేరళలో కాసర్‌గోడ్ దగ్గర ఒక చర్మవ్యాధుల సంస్థ బోదకాలుకి కడగడం, ఆయుర్వేదం, యోగా, కట్టు కలిపి వైద్యం చేస్తోంది. అక్కడా కట్టు తప్పదు.

సందేహాల_సుబ్బయ్య:
ఇంకొక ప్రశ్న. వాపు రాకముందే మసాజ్ చేస్తే రాకుండా ఆగుతుందా? 2011లో బెల్జియం వాళ్ళు ఆపరేషన్ అయిన 160 మందిని తీసుకుని చూశారు. ఏడాది తర్వాత మసాజ్ చేయించుకున్నవాళ్ళలో 24 శాతం మందికి, చేయించుకోనివాళ్ళలో 19 శాతం మందికి వాపు వచ్చింది.

నెల్లూరు_ఫిజియో:
2010లో స్పెయిన్‌లో 120 మంది మీద చేసిన దాంట్లో ఉల్టా వచ్చింది, మసాజ్ గుంపులో 7 శాతం, మిగతావాళ్ళలో 25 శాతం. అయితే అక్కడ మసాజ్‌తోపాటు మచ్చ మీద పని, భుజం వ్యాయామాలు అన్నీ కలిపారు, బెల్జియంలో రెండు గుంపులకీ వ్యాయామం ఇచ్చి ఒక గుంపుకే మసాజ్ ఇచ్చారు. కాబట్టి నా లెక్కలో బెల్జియం వాళ్ళ ప్రశ్నే సూటిగా ఉంది. వాపు లేని చేతికి మసాజ్ చేయమని నేను ఇప్పుడు చెప్పడం లేదు. ఇందులో మీరే గెలిచారు.

సందేహాల_సుబ్బయ్య:
స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

బెజవాడ_బుజ్జి:
అందరికీ థాంక్సండీ. చెప్పడం మర్చిపోయాను, కట్టుకి ముందు ఒక తెలిసినావిడ ఇంటికొచ్చి "నేనూ లింఫ్ చేస్తాను" అని వేడి నూనె పోసి అమ్మ చేతిని గట్టిగా పిసికి వెళ్ళింది. రెండో రోజుకి చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చింది. యాంటీబయాటిక్ వాడితే తగ్గింది. నూనె వల్లేనా అంటే డాక్టర్ అవునని గానీ కాదని గానీ అనలేదు, ఇకమీదట వేడీ వద్దు, పిసకడమూ వద్దు, ఎరుపు కనిపిస్తే వెంటనే రమ్మన్నారు. మరో డౌట్. బిందె ఎత్తకూడదు, ఆ చేత్తో పని చేయకూడదు అని చుట్టాలు అమ్మని కుర్చీకి కట్టేశారు. నిజమేనా?

నెల్లూరు_ఫిజియో:
కుర్చీ నుంచి లేపండి. 2009లో అమెరికాలో చేతివాపు ఉన్న 141 మంది స్త్రీలలో సగం మందితో స్లీవ్ వేయించి నెమ్మదిగా పెంచుతూ బరువులు ఎత్తించారు. వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి ఉబ్బిపోవడం ఎత్తినవాళ్ళలో 14 శాతం మందికి, ఎత్తనివాళ్ళలో 29 శాతం మందికి. మొదటిరోజే నిండు బిందె వద్దు. అరకిలో ఉప్పు ప్యాకెట్‌తో మొదలుపెట్టి, చేయి ఏమంటుందో చూసుకుంటూ పెంచండి. ఆ చేతికి సూదులు, బీపీ పట్టీ వీలైతే రెండో చేతికే వేయమనండి.

బెజవాడ_బుజ్జి:
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. వారానికి ఐదు రోజులు మసాజ్, మిగతా వేళంతా కట్టు. మొదటి వారం అమ్మ ఏడ్చింది, ఎండాకాలంలో చేతికి దుప్పటి కప్పుకున్నట్టుందని. ముంజేయి చుట్టుకొలత 29 నుంచి 27.5 సెంటీమీటర్లకి వచ్చింది. గాజులు ఇంకా ఎక్కడం లేదు. చెల్లి స్పా ప్యాకేజీ మిగిలిన రెండు సిట్టింగులు వాళ్ళ ఆఫీసులో ఎవరికో ఇచ్చేసింది. నాన్న మాత్రం "కట్టు సరే, ఆ నిమరడం దేనికి" అంటూనే ఉన్నారు.

సందేహాల_సుబ్బయ్య:
సంతోషం అమ్మా. కొలిచింది ఏ వేళ? రెండుసార్లూ ఒకే చోటేనా?

బెజవాడ_బుజ్జి:
మణికట్టు ఎముక నుంచి పది సెంటీమీటర్ల పైన పెన్నుతో గుర్తు పెట్టాను సార్. రెండుసార్లూ పొద్దున్నే, కాఫీకి ముందు, అదే టేపు.