అండమాన్ ప్రయాణానికి ఒక్కొక్కరికి 7 కిలోల సంచి సరిపోతుందా? చూడటానికి కూడా బాగుండాలి

గుంటూరు కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో నేను, మావారు, మా అత్తగారు హైదరాబాదు నుంచి విమానంలో అండమాన్ వెళ్తున్నాము. పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులు, హావ్‌లాక్‌లో రెండు, నీల్‌లో ఒకటి ఉంటాము. హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కు షహీద్ ద్వీప్ అనీ 2018లోనూ, పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని 2024లోనూ పేర్లు మార్చారని తెలుసు కాని, అందరికీ సులభంగా అర్థం కావాలని ఇక్కడ పాత పేర్లే రాస్తున్నాను.

విమానంలో ఒక్కొక్కరికి 15 కిలోల పెట్టె వేసుకునే వీలు ఉన్నా, పడవ మారిన ప్రతిసారీ సామాను మోసుకోవలసింది మేమే కాబట్టి, తలా 7 కిలోల చేతిసంచి తప్ప మరేమీ వద్దని నిశ్చయించుకున్నాము. నిన్న రాత్రి నా బట్టలన్నీ మంచం మీద పరిచి, పగటికొకటి సాయంత్రానికొకటి చొప్పున పది జతలు పక్కన పెట్టి తూచితే, చెప్పులూ తువ్వాళ్లూ కలపకుండానే 9 కిలోలు వచ్చింది. అందులో దేన్ని తీసేయాలో తోచడం లేదు. పెళ్లయిన పన్నెండేళ్లకు మేము మొదటిసారి సముద్రం దాటి వెళ్తున్నాము. ఫోటోల్లో ముగ్గురం బాగుండాలన్న కోరిక కూడా నాకు గట్టిగా ఉంది.

మా అత్తగారికి 64 ఏళ్లు. చీర తప్ప మరొకటి కట్టరు, కట్టమని నేను అడగను. ఇసుకలో, పడవల్లో ఆవిడకు ఇబ్బంది లేకుండా ఎటువంటి చీరలు, ఎన్ని పెట్టాలో కూడా దయచేసి చెప్పండి.

మంగళగిరి నేత

అమ్మా, ముప్పై ఏళ్లుగా చేనేత గుడ్డల వ్యాపారంలో ఉన్నవాడిగా నాకు తెలిసినది చెబుతాను. మీరు రోజుల లెక్కన సర్దుతున్నారు, అందుకే బరువు తగ్గడం లేదు. రంగుల లెక్కన సర్దండి. పైన వేసుకునేవి మూడు, కింద వేసుకునేవి రెండు, ఏది దేనితో వేసినా కుదిరేలా ఎంచుకుంటే, ఐదు బట్టలతో ఆరు జతలవుతాయి. అయితే మీ ముగ్గురికీ కలిపి మూడే రంగులు అనుకోవాలి. వెనుక నీలి సముద్రం, కింద తెల్లని ఇసుక ఉండే చోట లేత నీలం, తెలుపు వెలవెలబోతాయి. ఆవపిండి పసుపు, ఇటుక ఎరుపు, ముదురు ఆకుపచ్చ వంటివి నిలబడతాయి. పైగా తెల్లని నూలు తడిస్తే ఒళ్లు కనిపిస్తుంది కనుక నీటి దగ్గరకు అది పనికిరాదు.

గుడ్డ విషయానికొస్తే, గుంట మగ్గం మీద నేసిన సన్న నూలు మంగళగిరి గుడ్డను మించినది నాకు కనిపించదు. ఒంటి మీద పువ్వులూ బుటాలూ లేకుండా, అంచున మాత్రమే పని ఉంటుంది కాబట్టి, పగలు సాదాగా కనిపించిన కుర్తానే సాయంత్రం ఒక మంచి ఉత్తరీయం వేసుకుంటే నిండుగా కనిపిస్తుంది. కుర్తాకు రెండున్నర మీటర్లు తీసుకోండి. ఉప్పునీరు తగిలే రోజుకు జరీ అంచు వద్దు, నూలు అంచు చాలు. మీవారికి పొందూరు ఖద్దరు చొక్కాలు రెండు కుట్టించండి. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో దూదిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి శుభ్రం చేసి, రాట్నం మీద వడికి నేస్తారు. ఆ బట్ట చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు.

ముఖ్యంగా గంజి పెట్టించకండి. ఇంటి దగ్గర గంజి పెట్టిన నూలుకు ఎంత అందం ఉన్నా, తేమగాలిలో ఆ గంజి మెత్తబడి బట్ట ఒంటికి అతుక్కుంటుంది. కొత్త గుడ్డను రెండుసార్లు ఉతికి, గంజి పోయాకే సర్దండి. ఇస్త్రీ గురించి దిగులు వద్దు: తడిగా ఉండగానే ఒకసారి గట్టిగా దులిపి, అంచులు చేత్తో లాగి ఆరవేస్తే, వేసుకోగానే మిగిలిన ముడతలు ఒంటి వేడికి సర్దుకుంటాయి. రాత్రి ఉతికినది తెల్లవారేసరికి ఆరిపోతుంది.

మరొక మాట. ముందు ఖాళీ సంచిని తూచండి. చక్రాల గట్టి పెట్టె ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది. 7 కిలోల్లో అంత భాగం పెట్టెకే ఇవ్వడం దండగ. భుజానికి తగిలించుకునే మెత్తని సంచి కిలో లోపే దొరుకుతుంది.

ద్వీపవాసి

మా తాతగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టి పెరిగాను. మంగళగిరి పెద్దాయన చెప్పినవన్నీ సరైనవే కాని, చివరన చెప్పిన ఆరబెట్టే విషయం ఇక్కడి గాలికి వర్తించదు. ఈ దీవుల్లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. జనవరి పొడి నెలే అయినా, చుట్టూ సముద్రం ఉండటం వల్ల గాలిలో తేమ ఎప్పుడూ తగ్గదు. గుంటూరులో రాత్రికి రాత్రి ఆరిన కుర్తా, ఇక్కడ పొద్దున తీసి చూస్తే పైకి ఆరినట్టే ఉంటుంది గాని, చంకల కుట్టు, నడుము పట్టీ, జేబు అడుగు చల్లగా తగులుతాయి. అటువంటి దాన్ని మడిచి సంచిలో పెడితే సాయంత్రానికి ముక్క వాసన వేస్తుంది. అందుకే ఉతికిన బట్టను పొడి తువ్వాలు మీద పరిచి, రెండింటినీ కలిపి చాపలా చుట్టి, కాలితో బాగా తొక్కండి. పిండితే రాని నీరు కూడా తువ్వాలు పీల్చుకుంటుంది. ఆ తర్వాత ఫ్యాను కింద వేయండి. మందపాటి టర్కీ తువ్వాలు తేవద్దు, అదే ఆరదు. మన పల్చని నేత తువ్వాళ్లు రెండు తెచ్చుకోండి. ఎప్పుడూ ఒక జత ఒంటి మీద, ఒక జత దండెం మీద, ఒక జత సంచిలో ఉండేలా చూసుకుంటే ఏ ఇబ్బందీ రాదు.

మీరు రాసిన పది జతల్లో ఐదు సాయంత్రానివని చూశాను. వాటినే ముందుగా తీసేయండి, ఎందుకంటే ఇక్కడ మీరు అనుకునే సాయంత్రం ఉండదు. దేశమంతటికీ ఒకే గడియారం కావడం, మేము బాగా తూర్పున ఉండటం వల్ల జనవరిలో ఐదుంబావు ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. హైదరాబాదులో అప్పటికి ఇంకా ముప్పావుగంట వెలుగు మిగిలి ఉంటుంది. హావ్‌లాక్‌లోని రాధానగర్ తీరం పడమటి ముఖంగా ఉంటుంది కనుక సూర్యాస్తమయానికి అందరూ అక్కడికే చేరతారు. మంచి వెలుగు దొరకాలంటే నాలుగింటికే అక్కడ ఉండాలి. పగలంతా తిరిగి, హోటలుకు వెళ్లి, స్నానం చేసి, చీర మార్చుకుని బయలుదేరేవాళ్లు వచ్చేసరికి చీకటి పడటం చాలాసార్లు చూశాను, మనసుకు కష్టంగా ఉంటుంది. పగలు వేసుకున్న కుర్తాతోనే వచ్చి, గుడ్డసంచిలోంచి ఉత్తరీయం, చెవులకు ఒక జత తీసి పెట్టుకుంటే చాలు. ఫోటోకు అవసరమయ్యేది ఆ వెలుగే.

చెప్పుల విషయంలో మాత్రం బరువు చూడకండి. నీల్‌లోని సహజ వంతెన దగ్గరకు సముద్రం వెనక్కి తగ్గినప్పుడే నడిచి వెళ్లగలరు, ఆ దారంతా పాచి పట్టిన రాళ్లు, చచ్చిన పగడపు గట్లు. మడమకు పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కాళ్లకు వేసుకుని రండి, పల్చని హవాయి చెప్పులు సంచిలో పెట్టుకోండి. తోలు చెప్పులు ఉప్పునీటికి గట్టిపడి పగిలిపోతాయి. మీ అత్తగారికి కొత్త చెప్పులు కొంటే, ఇప్పటినుంచే ఇంట్లో వేసుకుని తిరగమనండి.

సెల్యులార్ జైలుకు మాత్రం కాస్త నిండైన బట్టలు ఒక జత ఉంచుకోండి. 1906లో పూర్తయిన ఆ కట్టడానికి అందరూ విహారానికే వస్తారు కాని, రంప పోరాటంలో పట్టుబడిన మనవాళ్లను కూడా ఈ దీవులకే తరలించారు. ఆ గదుల ముందు నిలబడేటప్పుడు మనం ఉన్న తీరు మనకే తృప్తిగా ఉండాలని నా అభిప్రాయం.

తిరుగు ప్రయాణానికి సంచిలో ఖాళీ ఉంచినా, తీరంలో దొరికే పగడాలు, గవ్వలు అందులో వేయవద్దు. పగడాలకు వన్యప్రాణి రక్షణ చట్టం వర్తిస్తుంది, విమానాశ్రయంలో తనిఖీ ఉంటుంది. గవ్వల వస్తువులు కొనాలనుకుంటే ప్రభుత్వ దుకాణం సాగరికలో కొని రసీదు దగ్గర ఉంచుకోండి.

నెల్లూరు నుంచి

అక్కా, నేను మా అమ్మను తీసుకుని రెండేళ్ల కిందట వెళ్లాను కాబట్టి, చీర విషయం నేను చెప్పగలను. నేత మీద నాకు ఎంత ఇష్టం ఉన్నా, పడవ ఎక్కే రోజుకు మాత్రం ఒక సాదా జార్జెట్ చీర పెట్టండి. పిడికెడంత మడత పడుతుంది, తడిసినా గంటలో ఆరుతుంది, ఇసుక దులిపితే రాలిపోతుంది. ఊరు తిరగడానికి వెంకటగిరి నూలు చీరలు రెండు చాలు, కాబట్టి ఒంటి మీది దానితో కలిపి మూడు. బరువంతా చీరలో కాదు, లోపలి పావడాలో ఉంది. మందపాటి నూలు పావడా తడిస్తే రెండు రోజులైనా నాడా దగ్గర ఆరదు. పల్చని గుడ్డతో రెండు కుట్టించండి, అంచు చీలమండకు నాలుగు వేళ్లు పైకి ఉంటే ఇసుకను ఊడ్చుకుంటూ నడవవలసిన పని ఉండదు. మా అమ్మ గోచీ పెట్టి కట్టుకుని నీళ్లలో హాయిగా నిలబడింది. మీ అత్తగారికి ఆ కట్టు తెలిసి ఉండవచ్చు, ఒకసారి అడిగి చూడండి.

నేను చేసిన రెండు తప్పులు మీరు చేయకూడదని రాస్తున్నాను. జీన్స్ వేసుకుని ఎలిఫెంట్ బీచ్‌కు పడవలో వెళ్లాను, మోకాలి లోతు నీటిలో దిగాల్సి వచ్చింది. అది మూడు రోజులు ఆరలేదు, తడి సంచిలో తడి జీన్స్ మోసుకుంటూ ఇంటికి వచ్చాను. రెండవది ఇంకా బాధ. పెడన కలంకారీ చున్నీ, ఎరుపు నేల మీద నల్లని తీగలు ఉన్నది, ఇంట్లో ఒక్కసారి కూడా తడిపి చూడకుండా తీసుకువెళ్లాను. అల ఒకటి భుజం దాకా వచ్చింది. ఆ ఎరుపు నా లేత గోధుమ రంగు కుర్తా మీదకు దిగి, జబ్బ నుంచి నడుము దాకా చారలు కట్టింది. చున్నీ, కుర్తా రెండూ పోయాయి. రంగు బట్ట ఏదైనా సరే, గిన్నెడు నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి, ఒక మూల ముంచి, తెల్లగుడ్డ మీద అద్ది చూశాకే సంచిలో పెట్టండి.

నీళ్లలో దిగేందుకు నూలు వద్దు, నీరు పీల్చి కిందికి లాగుతుంది. పొడుగు చేతులు, చీలమండ దాకా కాళ్లు ఉన్న ఈత దుస్తులు దొరుకుతాయి. ఒళ్లు కప్పుతాయి, ఎండ తగలదు, రాసుకునే క్రీము కూడా సగానికి తగ్గుతుంది. ఆ క్రీము కొనేటప్పుడు ఆక్సీబెంజోన్ లేనిది, జింక్ ఆక్సైడ్‌తో చేసినది తీసుకోండి. పగడాలకు హాని చేస్తుందని హవాయి దీవుల్లో ఆక్సీబెంజోన్ ఉన్న క్రీముల అమ్మకాన్ని 2021 నుంచి నిషేధించారు.

బంగారం ఇంట్లో పెట్టి వెళ్లండి. నీళ్లలో వేళ్లు చల్లబడి ఉంగరం జారిపోతుంది. ఏటికొప్పాక లక్క గాజులు, పూసలు అంకుడు కర్రతో చేసినవి కాబట్టి బరువే ఉండవు, మీరు ఎంచుకున్న రంగులకు సరిపోయేవి తప్పకుండా దొరుకుతాయి. నీళ్లలో దిగేటప్పుడు మాత్రం తీసి సంచిలో పెట్టుకోండి.

గుంటూరు కోడలు

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ మాటలు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, బీరువా అడుగు నుంచి ఒక పాత వెంకటగిరి చీర తెచ్చారు. ముదురు ఆకుపచ్చ, వేలెడు ఆవపిండి పసుపు అంచు. ఉతికి ఉతికి రుమాలంత మెత్తగా అయిపోయింది. మామగారు ఉన్నప్పుడు ఆయనతో కలిసి కన్యాకుమారి వెళ్లినప్పుడు అదే కట్టుకున్నారట. ఇక మా ముగ్గురి రంగులూ ఆ చీర నుంచే తీసుకున్నాము: నా కుర్తాలు పసుపు, ఆకుపచ్చ, ఇటుక ఎరుపు, మావారి చొక్కాలు రెండూ గోధుమ వన్నె. గోచీ కట్టు ఆవిడకు వచ్చునట, నాకే ఇంతకాలం తెలియలేదు.

ఉప్పునీటి పరీక్షలో ఇటుక ఎరుపు కుర్తా కొద్దిగా రంగు వదిలింది, దాన్ని పోర్ట్ బ్లెయిర్‌కు మాత్రమే ఉంచుకున్నాను. ఈ రోజు తూచితే నా సంచి 5 కిలోల 100 గ్రాములు, అత్తగారిది 5 కిలోల 800 గ్రాములు వచ్చింది. ఆవిడ దాంట్లో కుంకుమ భరిణె, పెద్దక్షరాల విష్ణు సహస్రనామం ఉన్నాయి, వాటి జోలికి నేను వెళ్లలేదు.

ఒక్క సందేహం మిగిలింది. ద్వీపాల మధ్య తిరిగే పడవల్లో ఉక్కగా ఉంటుందా, చలిగా ఉంటుందా? ఉత్తరీయం సంచిలో పెట్టాలా, చేతిలో ఉంచుకోవాలా?

ద్వీపవాసి

చేతిలోనే ఉంచుకోండమ్మా. ప్రైవేటు వేగపు పడవల్లో అద్దాలు బిగించి ఏసీ వేస్తారు, గంటన్నర, రెండు గంటలు కదలకుండా కూర్చునేసరికి పెద్దవాళ్లకు చలి పుడుతుంది. సంచులు ఒకచోట పేర్చేస్తారు కాబట్టి మధ్యలో తీయడం కుదరదు. ఉత్తరీయం, నీళ్లసీసా, మందులు గుడ్డసంచిలో విడిగా పెట్టుకోండి. పవర్ బ్యాంకును కూడా అందులోనే ఉంచండి. విమానంలో ఎప్పుడైనా సంచిని కిందికి పంపమని అడిగితే దాన్ని తీసి చేతిలో ఉంచుకోవలసి వస్తుంది. పడవలో కుదుపు తక్కువగా ఉండే మధ్య వరుసల్లో మీ అత్తగారికి చోటు అడగండి. కడుపులో తిప్పే అలవాటు ఉంటే మీ డాక్టరు చెప్పిన మాత్రను బయలుదేరడానికి అరగంట ముందు వేసుకోమనండి.