స్వత్వమా, సత్త్వమా? లాక్ వాక్యంలో ఒక వత్తు గొడవ

పాతనోట్సు: డిగ్రీ రోజుల రాజనీతిశాస్త్రం నోట్సులోని వాక్యం ఒకటి వారం రోజులుగా బుర్ర తొలుస్తోంది. 17వ శతాబ్దపు ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ రాజ్యపాలన మీద రాసిన రెండో ట్రీటిజ్ (గ్రంథం), 27వ పేరా. ‘ప్రతి మనుష్యునికిని తన శరీరమునందు స్వత్వము కలదు, దానిపై అన్యులకు...’ అంటూ సాగుతుంది. ఆ తర్వాతిది గుర్తు రావట్లేదు. అసలు ‘స్వత్వము’ మీదే అనుమానం. నా చేతిరాతలో మొదటి సకారం కింద వత్తు ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఏ అనువాదంలోదో తెలిసినవారు మిగతా వాక్యం చెప్పి పుణ్యం కట్టుకోండి.

గోదారిగట్టు: స్వత్వమే. ఇందులో చర్చకేముంది? తనది కావడం స్వత్వం. మనిషి ఒంట్లో సత్త్వం ఉందని చెప్పడానికి లాక్ దాకా ఎందుకు, మా ఊరి వస్తాదు చాలడూ?

కందిగింజ: అంత తేలిగ్గా తీసిపారేయకండి. ఆ పేరాలోనే తర్వాతి మాట చూడండి: ఒంటి శ్రమ, చేతుల పని వాడివే అంటాడు. అడవిలో ఆపిల్ పళ్ళు ఏరుకున్నవాడికి అవి సొంతమయ్యేది శ్రమ కలిపాడు గనకే. శ్రమ పుట్టేది సత్త్వంలోంచి కాదూ? అనువాదకుడు కావాలనే సత్త్వం అని ఉంటాడని నా అనుమానం.

గోదారిగట్టు: ఉంటాడు, అనువాదకుడికి అంత తీరిక ఉంటే.

మూలంచూడు: వత్తు కోసం కొట్టుకుంటూ ఇద్దరూ ‘శరీరం’ మీదుగా దాటిపోయారు. మూలంలో ఆ చోట శరీరం లేదు. స్వత్వం ఉన్నది ‘పర్సన్’ మీద. శరీరం తర్వాతి వాక్యంలో, శ్రమతో కలిసి వస్తుంది. లాక్‌కి ఈ రెండూ ఒకటి కావు. మానవ అవగాహన మీద ఆయన రాసిన గ్రంథం 1694 కూర్పులో కొత్తగా చేర్చిన అధ్యాయంలో, పర్సన్ అనేది కోర్టు మాట అంటాడు. అంటే చేసిన పనికి జవాబుదారీ అయ్యేవాడన్నమాట. మీ నోట్సులో తప్పు వత్తు దగ్గర కాదు, అంతకు ముందే జరిగిపోయింది.

పాతనోట్సు: మరి పర్సన్‌కి ఏమనాలి? ‘వ్యక్తియందు స్వత్వము’ అంటే ఎవరో ఇంకో వ్యక్తి మీద అనిపించదూ?

దస్తావేజు: నేను ముప్పై ఏళ్ళుగా క్రయ దస్తావేజులు రాస్తున్నాను. స్వత్వమని ఒక్క కాగితం మీదా రాసిన పాపాన పోలేదు. మేం రాసేది ‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో’ అని. ఒక్క సందేహం తీర్చండి. ఈయన చెప్పే మనిషి తన్ను తాను అమ్ముకోవచ్చునా?

మూలంచూడు: కుదరదు. 23వ పేరా. తన ప్రాణం మీద తనకే లేని అధికారాన్ని ఇంకొకడికి ఎలా రాసిస్తాడని వాదన. 6వ పేరాలోనైతే మనుషులంతా దేవుడి చేతిపని, దేవుడి సొత్తు.

దస్తావేజు: అయితే అది స్వత్వం కాదండీ. అమ్మే హక్కు లేనిదాన్ని మా లెక్కలో జీవితకాల అనుభవ హక్కు అంటారు. అసలు పట్టాదారు పైవాడు.

తర్కప్రియ: దస్తావేజు గారు తెలియకుండానే నవ్యన్యాయం (మన కొత్త తర్కశాస్త్రం) గుమ్మం తొక్కారు. ఇష్టమొచ్చినట్టు వాడుకునే యోగ్యతే స్వత్వం అన్న నిర్వచనాన్ని బెంగాల్ నవద్వీపపు తార్కికుడు రఘునాథ శిరోమణి 16వ శతాబ్దంలోనే నిలదీశాడు. వాడుకోవడమంటే తినడమా? పరాయివాడి అన్నమైనా తినవచ్చు. శాస్త్రం కాదనని వాడుకే అంటారా? పరస్వం తీసుకోవద్దని శాస్త్రం అంటోంది, మరి ఆ ‘స్వం’ ఏమిటో ముందు తేలాలి కదా! అందుకే స్వత్వాన్ని విడిగా ఒక పదార్థంగానే (తర్కంలో ఒక మూలవర్గంగానే) లెక్కించాడు. లాక్ పుస్తకం 1689లో వచ్చింది, అదీ పేరు లేకుండా. ఎవరు ముందో మీరే చూసుకోండి.

కందిగింజ: ఎవరు ముందన్న పోటీ ఇప్పుడెందుకు? నవద్వీపంలో లాక్‌లా రాజును దింపే వాదం ఏమీ చేయలేదుగా రఘునాథుడు.

తర్కప్రియ: చేయలేదు. స్వత్వం లౌకికమా, శాస్త్రం వల్ల వచ్చేదా అన్న గొడవ మాత్రం యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్య మితాక్షరలోనే ఉంది. లౌకికమే అన్నాడు అది రాసిన విజ్ఞానేశ్వరుడు. దాన్ని 13వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చింది మన కేతన. ఆయన ఆ చోట ఏ మాట వాడాడో చూస్తే ఇక్కడి తగవు తీరిపోతుంది. పుస్తకం అటక మీద ఉంది, దింపి చెబుతా.

వేరుపురుగు: అటక మీది పుస్తకం దిగేలోపు నా పాత వాదన వినండి. తత్సమాలెందుకు, ‘సొమ్ము’ ఉండగా? స్వమ్‌కి వికృతే సొమ్ము. సంస్కృత ‘స్వ’, లాటిన్ ‘సూఉస్’ ఒకే వేరుకు మొలిచిన కొమ్మలు. 1625లో డచ్చి న్యాయవేత్త గ్రోషియస్, ఆస్తుల పంపకం అసలు లేకపోయినా ప్రాణం, అవయవాలు, స్వేచ్ఛ ఎవరివి వారివే అన్నాడు. ఇలా ఎవరిది వారికి చెందడాన్నే ఆ కాలపు లాటిన్ పండితులు ‘సూఉమ్’ అంటారు, అంటే మన సొమ్మే. లాక్ కూడా 123వ పేరాలో ప్రాణాలు, స్వేచ్ఛలు, భూమీపుట్రా మూడింటికీ కలిపి ప్రాపర్టీ అని పేరు పెట్టాడు. దాన్ని ‘ఆస్తి’ అని దించేసి మన పాఠాలు ఆయన్ని భూస్వాముల వకీలును చేశాయి.

ఇక మొదటి ట్రీటిజ్ మొత్తం తెలుగులో ఒక్క మాట. రాజుల అధికారం ఆదాము నుంచి తండ్రి హక్కుగా దిగివచ్చిందని రాచరికాన్ని సమర్థించిన ఫిల్మర్ వాదించాడు (ఆ పుస్తకం 1680లో అచ్చయ్యేనాటికి ఆయన లేడు). లాక్ జవాబేమిటి? ‘రాజ్యమేమన్నా నీ అబ్బసొమ్మా?’

గోదారిగట్టు: అబ్బసొమ్ము భేష్. ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదేం!

వంశధార: మా శ్రీకాకుళం వైపు సొమ్ములంటే పశువులు. ‘ప్రతి మనిషి ఒళ్ళూ వాడి సొమ్ము’ అంటే మా తాత కర్ర తీసుకుని తోలుకెళ్తాడు.

కందిగింజ: వకీలు అన్న మాట అంత తప్పేం కాదు లెండి. బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలు కొన్నది ఈయనే. ఎవరి ఒళ్ళు ఎవరి సొమ్మయిందో మరి.

వేరుపురుగు: అది కాదనలేను. ‘సొమ్మొకడిది సోకొకడిది.’

పద్యపక్షి: సొమ్ము, శరీరం, రాజు, దేవుడు. ఈ నాలుగూ ఒక్కచోట చేరిన పద్యం కళ్ళెదుట ఉండగా ఇంగ్లండు ఎందుకు పోయారండీ? పోతన ‘ఇమ్మనుజేశ్వరాధముల’ పద్యం! ‘సొమ్ములు గొన్ని పుచ్చుకొని చొక్కి శరీరము వాసి...’ రాజుకివ్వక హరికిచ్చాడు. మూలంచూడు గారి 6వ పేరా ఇదే కదా.

మూలంచూడు: కాదు. లాక్ దేవుణ్ణి తెచ్చింది రాజు చేతిలోంచి మనిషిని విడిపించడానికి. పోతన ఇచ్చింది కావ్యాన్ని, తన్ను కాదు.

పద్యపక్షి: కావ్యం వేరు, కవి వేరు అనేవారితో నాకు మాటల్లేవు.

గోదారిగట్టు: అదలా ఉంచండి. ‘చొక్కి’ ఏమిటి? ‘సొక్కి’ కదా! మా నాన్నగారు ‘సొమ్ములు... సొక్కి’ అని చదివేవారు, సకారానికి సకారం యతి.

పద్యపక్షి: చ-సలకు సరసయతి చెల్లుతుంది. ఉత్పలమాలలో పదో అక్షరం సొ అయినా చొ అయినా యతికి ఇబ్బంది లేదు. కాబట్టి యతిని సాక్ష్యానికి పిలవకండి. చొక్కడమంటే మైమరవడం. సొక్కినా అదే మైకం. ఆ చకారాన్ని దంత్యంగా పలికితే సకారానికి ఎంత దగ్గరగా ఉంటుందో మీకు తెలియనిదా? వినికిడిలో మారి ఉంటుంది.

గోదారిగట్టు: మారింది మీ వైపే అని ఎందుకనుకోకూడదు?

పాతనోట్సు: అయ్యా, నా వాక్యం...

దస్తావేజు: ‘తనకు తానే హక్కుదారు’ అని రాసుకోండి, రిజిస్ట్రారు కూడా అభ్యంతరం పెట్టడు. తర్కప్రియ గారూ, కేతన దిగాడా?

తర్కప్రియ: నిచ్చెన కోసం చూస్తున్నాను. ఈలోగా పద్యపక్షి గారికి ఒక ప్రశ్న. ‘శరీరము వాసి’ అని రాశారు. ప్రథమ మీది పకారానికి గసడదవాదేశం అంటే సరే. మేం నేర్చుకున్నది ‘శరీరముఁ బాసి’. అక్కడ ద్రుతం ఉండాలి, ఆ అరసున్న ఎటు పోయింది?