అప్‌డేట్: కెటీనియన్లా, విన్సెంట్ డి పాల్ సొసైటీయా

కాజీపేటలో ఉంటూ కాథలిక్ సంఘంలో చేరాలంటే ఈ రెండింట్లో ఏది నయమని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరంతా చెప్పాక తేలిందేంటంటే, రెండింటి దారులే వేరు.

కెటీనియన్ల సంఘం 1908లో మాంచెస్టర్‌లో పుట్టింది. స్థానిక శాఖను సర్కిల్ అంటారు. నెలకో మీటింగ్, కలిసి భోజనం, కుటుంబాల మధ్య రాకపోకలు. సభ్యుడికో, పోయిన సభ్యుడి భార్యాపిల్లలకో కష్టమొస్తే ఆదుకోవడానికి నిధి ఉంటుంది. చేరేది కాథలిక్ మగవాళ్లే. దగ్గర్లో సర్కిల్ లేకపోతే మాత్రం చందా, భోజనం, రైలు ఖర్చు మూడూ కలిపి లెక్కేసుకోవాలి. నెలనెలా కలవకపోతే ఆ స్నేహం కాగితం మీదే.

విన్సెంట్ డి పాల్ సొసైటీ 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనామ్, తోటి విద్యార్థులు మొదలుపెట్టింది. ఆడవాళ్లూ చేరొచ్చు. సాయం సభ్యులకి కాదు, బయటి పేదలకి. విచారణలోని (అంటే పారిష్‌లోని) శాఖను కాన్ఫరెన్స్ అంటారు. మీటింగ్‌లో ప్రార్థన, పోయినసారి మీటింగ్ మినిట్స్, పేదల ఇళ్లకు వెళ్లొచ్చిన రిపోర్టు, తర్వాత చందాకి సంచి తిప్పుతారు. ఎవరెంత వేశారో పక్కవాడికీ తెలియదు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఇంటికి ఇద్దరు కలిసే వెళ్లాలి. చెడేది ఎక్కడంటే, కాన్ఫరెన్స్ నిర్ణయించకముందే గడపలో నిలబడి సాయం చేస్తామని మాటిచ్చేయడం, ఆ ఇంటి పేరు గుడి ఆవరణలో బయటపెట్టడం.

ప్రస్తుతానికి విన్సెంట్ డి పాలే ఖాయం చేసుకున్నా. చేరాలనుకునేవాళ్లు విచారణ ఫాదర్‌ని కాన్ఫరెన్స్ ప్రెసిడెంట్ ఎవరో అడగండి. మీటింగ్ రోజు, టైము కూడా ముందే కనుక్కోండి, ఆదివారం పూజయ్యాక పెడితే షాపులవాళ్లకి కుదరదు.